మరిగే పాలలో తోడు

"అన్నా, గా పొడితోని ఏం గాదు. మందు కలిపి మొదళ్లకు పోయి. మూడు దినాలల్ల లేస్తది."

పాలీహౌస్‌లో టమాటా వేసిన తొలి ఏడాది, మొక్కలు ఒక్కొక్కటే వాలిపోతుంటే, మందుల దుకాణంలో నాకు దొరికిన సలహా ఇది. పొడి అంటే ట్రైకోడెర్మా. మందు అంటే కార్బెండజిమ్. ఆ మాట అన్న మనిషి నన్ను మోసం చేయాలని అనలేదు, తాను నమ్మిందే చెప్పాడు. చేవెళ్ల వైపు పాలీహౌస్ వేసిన రైతుల్లో నాకు తెలిసినవాళ్లంతా నమ్మేదీ అదే. మేలుచేసే సూక్ష్మజీవులు శిక్షణ తరగతుల్లో బాగుంటాయి, కరపత్రాల్లో బాగుంటాయి, అప్పు తెచ్చి షెడ్డు కట్టినవాడికి మాత్రం పనికిరావు అని. చదువుకున్న వాళ్లు ఇదే మాటను ఇంకాస్త మర్యాదగా చెబుతారు: జీవ శిలీంద్రనాశనులు నిలకడగా పనిచేయవు, ఖరీదైన పంటను వాటి మీద వదలడం సాహసం అని.

ఈ తీర్పు తప్పు. దీని ఖరీదు రైతు ఒక్కడే కట్టడం లేదు, ఆ షెడ్డులో మట్టి కడుతోంది, రోజంతా అందులో పనిచేసే ఆడవాళ్లు కడుతున్నారు.

ఇంట్లో పెరుగు తోడుపెట్టే ఎవరినైనా అడగండి. పాలు కాగాక చల్లారనిస్తారు. గోరువెచ్చన అయ్యాకే తోడు వేస్తారు. గిన్నె కదపరు, రాత్రంతా వదిలేస్తారు. చలికాలమైతే వెచ్చని చోటు చూసి పెడతారు. మరిగే పాలలో తోడు వేసి, అరగంటకే మూత తీసి, తోడుకోలేదు కాబట్టి ఆ తోడుకు గుణం లేదని ఎవరూ అనరు. ట్రైకోడెర్మా విషయంలో మనం అంటున్నది అదే. మొక్క వాలిపోయాక పోశాం. పోసిన రెండో రోజే భయపడి కార్బెండజిమ్ పోశాం. మూడో రోజు చూసి, పొడి పనిచేయలేదన్నాం. కార్బెండజిమ్ శిలీంద్రాలను చంపే మందు. ట్రైకోడెర్మా ఒక శిలీంద్రం, అందులోనూ ఆ మందుకు తేలిగ్గా లొంగిపోయేది. మన చేత్తో చంపి, బతకలేదని నేరం మోపుతున్నాం. తొలి ఏడాది నేనూ అదే చేశాను.

అసలు ఈ జీవి ఏం చేస్తుందో చూస్తే, మూడు రోజుల కొలత ఎంత అన్యాయమో తెలుస్తుంది. 1932లో రిచర్డ్ వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త, ట్రైకోడెర్మా మట్టిలోని ఇతర శిలీంద్రాల మీద పరాన్నజీవిగా బతుకుతుందని చూపించాడు. దాని పోగు శత్రువు పోగుకు చుట్టుకుంటుంది, గోడను కరిగించే ఎంజైములు వదులుతుంది, లోపలి సారం తీసుకుంటుంది. సూక్ష్మదర్శినిలో చూడటానికి అద్భుతంగా ఉంటుంది కాబట్టి పుస్తకాలన్నీ ఈ బొమ్మే వేస్తాయి. ఆ బొమ్మ చూసి మనం కూడా దాన్ని ఒక వేటగాడిగా ఊహించుకున్నాం. మందు చంపినట్టే ఇదీ చంపుతుందనుకున్నాం.

దాని అసలు బలం వేటలో లేదు, కాపురంలో ఉంది. లేత వేరు తన చుట్టూ చక్కెరలు, ఆమ్లాలు స్రవిస్తుంది. మట్టిలోని ప్రతి జీవికీ అదే ఆహారం. తెగులు శిలీంద్రం బీజం మేల్కొనేదీ ఆ వాసనకే. ఆ చోటును ముందుగా ట్రైకోడెర్మా ఆక్రమిస్తే, వచ్చేవాడికి తినడానికీ నిలబడటానికీ చోటు ఉండదు. ఇంకో పని కూడా చేస్తుంది, అది ఇంకా విలువైనది. వేరులో అది చేరిందని మొక్క గుర్తిస్తుంది, ఆ గుర్తింపుతో మొక్క తన రక్షణ వ్యవస్థను సిద్ధం చేసుకుంటుంది. ఇజ్రాయెల్‌లోని వోల్కానీ సెంటర్‌లో యిగాల్ ఎలాద్ బృందం టి-39 అనే ట్రైకోడెర్మా రకం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ రకాన్ని మట్టిలో వేస్తే, దాన్ని ఎన్నడూ తాకని ఆకుల మీద బోట్రైటిస్ బూజు తగ్గింది. మొక్క లోపలి నుంచి కబురు వెళితే తప్ప ఇది జరగదు. అలాంటి కబురుకు సమయం కావాలి, శత్రువు రాకముందే అది చేరాలి. వరద వచ్చాక కట్ట వేయలేం. అందుకని కట్టలు దండగ అని ఏ ఊరూ అనలేదు.

మట్టి గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పాలీహౌస్ రైతు చేస్తున్న పెద్ద పొరపాటు అక్కడే ఉంది.

పంట పంటకూ మధ్య బెడ్లను "క్లీన్" చేయడం మన దగ్గర అలవాటు. ఫార్మలిన్ పోసి, పాలిథిన్ కప్పి, కొన్నాళ్లు ఆగి, మట్టి తిరగేసి, వాసన పోయాక నారు నాటుతాం. చచ్చిన మట్టి శుభ్రమైన మట్టి అని మన నమ్మకం. ఇదే నమ్మకంతో అమెరికాలో ఒహాయో గ్రీన్‌హౌస్ రైతులు టమాటా బెడ్లకు ఆవిరి పట్టేవారు. ఆవిరి పట్టిన మట్టిలో ఏ తెగులూ మిగలదు. అయినా 1970ల్లో ఫ్యుజేరియం అనే శిలీంద్రం వల్ల వచ్చే మొదలుకుళ్లు, వేరుకుళ్లు వాళ్లను వదల్లేదు. అక్కడి పరిశోధకులు ఎందుకో వెతికి 1977లో ప్రచురించారు. రోగం పట్టిన మొక్కల మొదళ్ల మీద పుట్టిన బీజాలు గాలిలో తేలి, ఆవిరి పట్టిన మట్టి మీద పడి, అక్కడ పాతుకుపోతున్నాయి. ఆవిరి శత్రువుతో పాటు శత్రువుకు పోటీ వచ్చే ప్రతి జీవినీ చంపేసింది. ఖాళీ ఇంట్లో ముందొచ్చినవాడే యజమాని అయ్యాడు.

దీనికి సరిగ్గా ఎదురుగా దక్షిణ ఫ్రాన్స్‌లో, అవిన్యోన్ దగ్గర షాతోరెనార్ అనే ఊరి మట్టి ఉంది. అక్కడి కర్బూజా తోటల మట్టిలో ఫ్యుజేరియం ఉంది, కానీ ఎండు తెగులు విజృంభించదు. క్లోద్ అలబువెత్, ఆయన సహచరులు ఆ మట్టికి ఆవిరి పట్టి చూశారు. రక్షణ పోయింది. ఆవిరి పట్టిన మట్టిలో మామూలు షాతోరెనార్ మట్టి కొంచెం కలిపారు. రక్షణ తిరిగి వచ్చింది. తోడు అంటే ఇదే! ఆ మట్టిని కాపాడుతున్నది రసాయనమూ కాదు, మట్టి రంగూ కాదు, అందులో బతుకుతున్న జీవులు. వాటిలో ముఖ్యమైనది రోగం తేని ఫ్యుజేరియమే. రోగం తెచ్చే తన జాతివాడికి తిండి దక్కకుండా, వేరు మీద చోటు దక్కకుండా చేస్తోంది. ఆ మట్టి నుంచి తీసిన ఎఫ్‌ఓ-47 అనే రకం మీద ప్రపంచమంతా పరిశోధనలు జరిగాయి.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని మన బెడ్ల వైపు చూడండి. ఫార్మలిన్ పోశాక బెడ్డు ఒహాయో మట్టి అవుతుంది. అందులోకి ముందు ఎవరు వస్తారు? నర్సరీ ప్రోట్రేలోని కొబ్బరి పొట్టుతో వచ్చినవాళ్లు, పక్క షెడ్డు నుంచి వచ్చిన చెప్పుల బురదలో వచ్చినవాళ్లు, బావి నీళ్లలో వచ్చినవాళ్లు. ఆ వరసలో మనవాడు ముందుండాలి. బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, తడి చల్లి, నీడన గోనెసంచులు కప్పి, మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగేస్తూ రెండు వారాలు మాగనివ్వడం మన వ్యవసాయ శాఖ వాళ్లు ఎన్నేళ్లుగానో చెబుతున్న పద్ధతి. ఇందులో కొత్తేమీ లేదు. ట్రైకోడెర్మాను పచ్చి పేడలో కలిపితే వేడికి చస్తుంది, ఎండలో పెడితే చస్తుంది, ఆరిపోతే నిద్రపోతుంది. మాగాక నాటడానికి ముందు బెడ్లలో కలపాలి. నారు పోసేటప్పుడే కొబ్బరి పొట్టులో కూడా కలిపితే మొక్క తన కాపలాదారును వెంట తెచ్చుకుంటుంది.

రెండో ఏడాది నేను ఇలాగే చేశాను. ఒక్క మొక్కా వాలలేదని చెప్పను. వాలినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టగలిగాను. నా ఒక్క షెడ్డు అనుభవం రుజువు కాదు, కాబట్టే ఒహాయో గురించీ షాతోరెనార్ గురించీ అంత చెప్పాను.

ఇక "మందే నమ్మకం" అనే మాట. ఈ మాట చరిత్ర ముందు నిలబడదు. బెనోమిల్ అనే మందు వచ్చినప్పుడు గ్రీన్‌హౌస్ రైతులు దాన్ని వరంగా చూశారు. మొక్క లోపలికి పాకే మందు, కొద్ది మోతాదు చాలు. మొక్కలోకి వెళ్లాక అది మారేది కార్బెండజిమ్‌గానే, మన దుకాణాల్లో ఇవాళ్టికీ నడుస్తున్న అదే కార్బెండజిమ్. 1971లోనే నెదర్లాండ్స్‌లో సైక్లమెన్ పూల మీద ఈ మందుకు లొంగని బోట్రైటిస్‌ను పట్టుకున్నారు. ఆ మందు శిలీంద్రంలో ఒకే ఒక్క ప్రోటీన్‌కు అతుక్కుని పనిచేస్తుంది. ఆ ప్రోటీన్‌లో ఒక్క అక్షరం మారితే చాలు, మందు జారిపోతుంది. తర్వాత వచ్చిన మందుల గుంపులకూ ఇదే గతి పట్టింది. 1980 నాటికి బంగాళాదుంప లేట్ బ్లైట్ మీద మెటలాక్సిల్ కూడా ఐర్లాండ్, నెదర్లాండ్స్ పొలాల్లో విఫలమైంది. 1981లో మందుల కంపెనీలే కలిసి, ఈ నిరోధకతను ఎలా ఎదుర్కోవాలో చూసుకోవడానికి ఒక ఉమ్మడి సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. తయారుచేసేవాళ్లకే లేని ధీమా కొనేవాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది?

గ్రీన్‌హౌస్ ఈ నిరోధకత పుట్టడానికి అనువైన చోటు. లోపల ఒకే పంట, నెలల తరబడి ఒకే వాతావరణం, అదే గాలి తిరిగి తిరిగి, వారం వారం అదే పిచికారీ. చావగా మిగిలిన బీజాలు బయటి గాలికి కొట్టుకుపోయి పలచబడవు, అక్కడే పిల్లలు పెడతాయి. ట్రైకోడెర్మా, బాసిల్లస్ అనే బాక్టీరియా లాంటివి ఒక్క ప్రోటీన్ మీద పనిచేయవు. చోటు ఆక్రమిస్తాయి, తిండి లాక్కుంటాయి, విషాలు వదులుతాయి, మొక్కను మేల్కొలుపుతాయి. బాసిల్లస్ ఒక్కటే సర్ఫాక్టిన్, ఇటురిన్, ఫెంజిసిన్ అని మూడు కుటుంబాల లైపోపెప్టైడ్లు తయారుచేస్తుంది. ఇన్నిటికీ ఒకేసారి అలవాటు పడటం ఏ బూజుకైనా కష్టం.

చలిదేశాల్లో గ్రీన్‌హౌస్ టమాటాకు పెద్ద శత్రువు బోట్రైటిస్. మన దేశంలోనూ నీలగిరుల్లో, హిమాచల్ కొండల్లో అది తెలిసిన తెగులే. అది ఎక్కడ నుంచి లోపలికి వస్తుందో గమనిస్తే, సూక్ష్మజీవిని ఎక్కడ నిలబెట్టాలో తెలుస్తుంది. పాలీహౌస్ టమాటాను తాడు మీద పైకి పాకిస్తాం. పక్క పిలకలు గిల్లేస్తాం, వారం వారం కింది ఆకులు తీసేస్తాం. తీసిన ప్రతి ఆకూ కాండం మీద ఒక పచ్చి గాయం. రాత్రి పరదాలు మూస్తే లోపల తేమ తొంభై శాతం దాటుతుంది, గాయం మీద నీటి పొర నిలుస్తుంది. బీజం అక్కడ పడి మొలకెత్తి లోపలికి పోతుంది. ఒక్కోసారి వారాల తరబడి నిశ్శబ్దంగా ఉండి, కాయలు దిగే వేళ కాండాన్ని చుట్టూ కొరికేస్తుంది. పై నుంచి కింది దాకా మొక్క ఒక్కసారే పోతుంది.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో జాన్ సటన్ బృందం క్లోనోస్టాకిస్ రోజియా అనే శిలీంద్రంతో పనిచేసింది. గాయపడిన కణజాలంలో అది హాయిగా చేరి కూర్చుంటుంది, మొక్కకు హాని చేయదు, బోట్రైటిస్‌కు చోటివ్వదు. ఇక్కడ కీలకం గంటలు. ఆకు తీసిన రోజే గాయం మీద చేరితే గెలుపు దానిది. మూడు రోజుల తర్వాత చేరితే అప్పటికే లోపల ఇంకొకడు ఉన్నాడు. అక్కడి పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. పరాగ సంపర్కం కోసం గ్రీన్‌హౌస్‌లో పెట్టిన బంబుల్‌బీల పెట్టె గుమ్మంలో ఈ శిలీంద్రం పొడి ఉంచారు. బంబుల్‌బీ బయటికి వచ్చేటప్పుడు ఒంటికి పొడి అంటుకుంటుంది, పూవు పూవుకూ అదే పంచి వస్తుంది. వాడిపోయే పూరేకులే బోట్రైటిస్‌కు మొదటి మెట్టు. ఆ మెట్టు మీద ప్రతి ఉదయం కాపలా మారుతోంది. ఏ స్ప్రేయరూ ఇంత ఓపిగ్గా పూవు పూవుకూ వెళ్లదు.

ఇంత చెప్పాక రైతు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "మరి నేను కొన్న ప్యాకెట్ ఎందుకు పనిచేయలేదు?" న్యాయమైన ప్రశ్న. ఈ వ్యాసంలో నాకు బాగా కోపం తెప్పించే విషయం కూడా ఇదే.

కేంద్ర పురుగుమందుల బోర్డు నిబంధన ప్రకారం ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ బీజాలు ఉండాలి. సూడోమోనాస్ అనే మేలుచేసే బాక్టీరియా అయితే గ్రాముకు 10 కోట్లు. నమోదు నంబరు లేని ప్యాకెట్లు అమ్ముతున్నారు. నంబరు ఉన్న ప్యాకెట్లనే రేకుల షెడ్డులో, ఏప్రిల్ ఎండలో, పురుగుమందుల డబ్బాల పక్కన నెలల తరబడి పేర్చి అమ్ముతున్నారు. లోపల మిగిలేది సుద్ద. ఆ రైతు చేతికి సుద్దే ఇచ్చారు, కాబట్టి సుద్ద అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. ఆ మాటను పట్టుకుని శాస్త్రమే సుద్ద అనేవాళ్లది తప్పు. కల్తీ విత్తనం మొలకెత్తకపోతే విత్తనం వేయడమే మానేయమని ఎవరూ చెప్పరు. అమ్మినవాడి కాలర్ పట్టుకుంటాం. ఇక్కడ కూడా పట్టుకోవాల్సింది అతన్నే.

ఇంకో సంగతి. వరి విత్తనం కొనేటప్పుడు "వరి ఇవ్వు" అని ఏ రైతూ అడగడు. బీపీటీ 5204 కావాలా, ఎంటీయూ 1010 కావాలా తెలిసే వెళతాడు. ట్రైకోడెర్మా దగ్గరికి వచ్చేసరికి జాతి పేరు చాలనుకుంటాం. ప్రపంచంలో పేరు నిలబెట్టుకున్న ఇలాంటి జీవుల సరుకంతా రకం పేరుతోనే నిలబడింది: అమెరికాలో కార్నెల్ వాళ్ల టి-22, ఇజ్రాయెల్ టి-39, ఫిన్లాండ్ జె1446, కాలిఫోర్నియా క్యూఎస్‌టీ 713. ఒకే జాతిలో ఒక రకం వేరు మీద స్థిరపడుతుంది, ఇంకోటి వారానికే కనబడకుండా పోతుంది. ప్యాకెట్ మీద రకం ఏమిటో, ఏ పంట మీద ఏ తెగులుకు పరీక్షించారో అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

ఇంట్లో చేసుకోగల మోటు పరీక్ష ఒకటుంది. ఉడికించి ఆరబెట్టిన జొన్నల మీద చిటికెడు పొడి చల్లి, శుభ్రమైన కవరులో వేసి, మూతి వదులుగా కట్టి నీడన పెట్టండి. నాలుగైదు రోజుల్లో తెల్లటి పోగులు వచ్చి ఆపైన ఆకుపచ్చ రంగు తిరగాలి. ఏమీ రాకపోతే అది చచ్చిన సరుకు. వస్తే ఏదో బతికుందని మాత్రమే అర్థం. అది ట్రైకోడెర్మానేనా అన్నది ప్రయోగశాల తేల్చాలి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఈ జీవులను రైతులే పెంచుకునే పద్ధతులు నేర్పిస్తారు. ఊరికి ఇద్దరు నేర్చుకుని వచ్చినా దుకాణం రేకుల షెడ్డు మీద ఆధారపడే పని తప్పుతుంది.

"మన వేడికి బతకవు" అనే వాదన తొందరగా తేలిపోతుంది. ట్రైకోడెర్మాకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి. పాలీహౌస్ గాలి మే నెలలో 40 దాటుతుంది, నిజమే. ఆ వేడిలో టమాటా కూడా పిందె కట్టదు, పూత రాలిపోతుంది. పంటే నిలవని నెలను చూపించి జీవిని కొట్టేయడం ఎందుకు? పైగా అది ఉండేది గాలిలో కాదు, మల్చింగ్ షీటు కింద తడి మట్టిలో. అంతకన్నా వేడి భయం ఉంటే బాసిల్లస్ వాడండి. దాని సిద్ధబీజాలు ఎండకూ ఎండుకూ తట్టుకునేందుకే పుట్టాయి.

వైఫల్యాల లెక్కలో ఇంకో పెద్ద భాగం అసలు వైఫల్యమే కాదు, రోగం పేరు తప్పు పడటం. మన భాషలో "ఎండు తెగులు" అంటే మొక్క ఎండిపోయే ప్రతిదీ. ఫ్యుజేరియం వల్ల ఎండినా, రాల్స్టోనియా అనే బాక్టీరియా వల్ల ఎండినా, నులిపురుగు వేళ్లను బుడిపెలు కట్టించినా పేరు ఒక్కటే. వాలిన మొక్క మొదలు దగ్గర కాండం కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఆ ముక్కను నీటిలోకి వేలాడదీయండి. కాసేపటికి పాలదారాల్లాంటివి కిందికి దిగితే అది బాక్టీరియా. దానికి ట్రైకోడెర్మా పోయడం జ్వరానికి కళ్లజోడు ఇవ్వడం లాంటిది. దానికి దారి వంగ వేరుమొదలు మీద అంటుకట్టిన నారు. పాలు దిగకుండా కాండం లోపల గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం. వేళ్లు పీకి చూస్తే బుడిపెలుంటే నులిపురుగు, అది వేరును పొడిచిన చోటే ఫ్యుజేరియానికి తలుపు తెరుచుకుంటుంది. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా వేసిన నింద ఎంతో నేను కళ్లారా చూశాను.

"పరిశోధన సరే, డబ్బు పెట్టి పండించేవాడు వీటిని నమ్మలేడు" అనేవాళ్లు గ్రీన్‌హౌస్ టమాటా చరిత్ర ఒకసారి చూడాలి. జీవ నియంత్రణ బయటి పొలాల్లో తడబడిన రోజుల్లోనే గాజు ఇళ్లలో గెలిచింది. 1926లో ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో ఒక టమాటా పెంపకందారు తెల్లదోమ పిల్లదశలు నల్లబడి ఉండటం గమనించాడు. చెషంట్ పరిశోధనా కేంద్రంలో స్పేయర్ అనే శాస్త్రవేత్త ఆ నలుపు వెనుక ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ఉందని తేల్చి, పెంచి, రైతులకు పంచాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వచ్చింది, కందిరీగను మరిచిపోయారు. మందులకు పురుగులు లొంగడం మానేశాక, 1970ల్లో మళ్లీ దాని దగ్గరికే వచ్చారు. 1980ల చివర్లో బెల్జియం, నెదర్లాండ్స్ గ్రీన్‌హౌస్‌లలోకి బంబుల్‌బీలు వచ్చాక పరిస్థితి పూర్తిగా మారిపోయింది. బంబుల్‌బీ బతకాలంటే పిచికారీ తగ్గాలి. రైతు తగ్గించాడు. అంత డబ్బు పెట్టి, అంత లెక్క చూసుకునే ఆ రైతులు ఆదర్శం కోసం తగ్గించలేదు, దిగుబడి కోసం తగ్గించారు. ఫిన్లాండ్‌లో నర్సరీలకు వాడే లేతరంగు పీట్‌లో నారుకుళ్లు తక్కువని గమనించి, అందులోంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియాను మైకోస్టాప్ పేరుతో అమ్మారు. దాన్ని కొన్నది వాణిజ్య గ్రీన్‌హౌస్ యజమానులే.

మన పాలీహౌస్ టమాటాను వారానికి రెండు మూడు సార్లు కోస్తాం, నెలల తరబడి కోస్తూనే ఉంటాం. పిచికారీ చేశాక ఐదు రోజులో వారమో కోయకూడదని మందు డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ మాట పాటిస్తే రెండు కోతలు పోతాయి, పాటించకపోతే ఆ మందు సంతకు వెళుతుంది. ఎవరు పాటిస్తున్నారో మనందరికీ తెలుసు. సూక్ష్మజీవి వేసిన మర్నాడే కోసి, కడిగి, మన పిల్లలకు పెట్టవచ్చు.

లోపల పనిచేసేవాళ్లనూ తలుచుకోవాలి. తాళ్లు చుట్టేది, ఆకులు తీసేది, కాయలు కోసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఉదయం పిచికారీ చేసిన షెడ్డులోకి మధ్యాహ్నమే వెళతారు. పైన ప్లాస్టిక్, పక్కన వల, గాలి ఆడదు. చేతికి తొడుగు ఉండదు, ముక్కుకు చీర కొంగే అడ్డం. తలనొప్పి అంటే ఎండ దెబ్బ అంటాం. వాళ్ల ఒంట్లోకి ఏం పోతోందో ఏ దుకాణం బిల్లులోనూ రాదు. "మందే చవక" అనేవాళ్ల లెక్కలో ఈ ఆడవాళ్లు లేరు. ఆ లెక్కను నేను ఒప్పుకోను.

నా పక్షాన ఉన్నవాళ్లతో కూడా నాకు తగువుంది. ప్రకృతి పేరు చెప్పి, ఒక్క బస్తా పొడితో అన్ని రోగాలూ పోతాయని ప్రచారం చేసేవాళ్లు మందుల దుకాణం కన్నా ఎక్కువ చెరుపు చేశారు. ముసురు పట్టిన చల్లని వారంలో లేట్ బ్లైట్ అంటుకుంటే సూక్ష్మజీవులతో దాన్ని ఆపలేరు. ఆ రోజు మందు కొట్టాల్సిందే, నేనూ కొడతాను. గాజు పళ్లెంలో రెండు శిలీంద్రాలను పక్కపక్కన పెంచి, ఒకటి ఇంకోదాన్ని ఇంత శాతం అడ్డుకుందని రాసే పరిశోధనా పత్రాలతో కూడా నాకు పేచీ ఉంది. పళ్లెంలో గెలిచినవాడు వేరు మీద నిలవడం వేరే పరీక్ష. ఆ రెండో పరీక్ష లేకుండా రైతు చేతికి పొడి ఇచ్చినవాళ్లే "పనిచేయదు" అనే మాటకు సగం పునాది వేశారు. పరదాలు పొద్దున్నే ఎత్తకుండా, ఆకుల మీద నీరు ఆరనివ్వకుండా, రోగపు మొక్కను పీకి బయట తగలబెట్టకుండా ఏ జీవీ, ఏ మందూ షెడ్డును కాపాడలేవు.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. వచ్చే నాటుకు ముందు బెడ్లన్నీ ఒకేలా చేయకండి. సగం బెడ్లకు మీ పద్ధతే ఉంచండి. మిగతా సగంలో ఫార్మలిన్ వాసన పూర్తిగా పోయాక, మాగిన ట్రైకోడెర్మా ఎరువు కలపండి. ఆ బెడ్ల నారు కూడా ట్రైకోడెర్మా కలిపిన కొబ్బరి పొట్టులో పెంచిందే కావాలి. ఆ వరసల మొదళ్లకు కార్బెండజిమ్ పోయకండి, పక్క బెడ్డుకు పోసిన నీళ్లు అటు పారనివ్వకండి. గేటు దగ్గర ఒక పుస్తకం వేలాడదీసి, వాలిన ప్రతి మొక్కనూ ఏ వరసలో, ఏ తారీఖున, గ్లాసు పరీక్షలో ఏం తేలిందో అందులో రాయించండి. చివరి కోత అయ్యాక ఆ పుస్తకం తీసుకుని నా దగ్గరికి రండి. అందులో నా మాట తప్పని తేలితే, ఈ పత్రికలోనే, ఇంతే పొడుగున ఒప్పుకుంటాను.